కేన్సర్ కణానికి కొవ్వు ఎక్కడిది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. వారి అమ్మగారికి రొమ్ము కేన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. చూడవచ్చిన బంధువులందరూ నెయ్యి, నూనె పూర్తిగా మాన్పించమని, కొవ్వు అందకపోతే గడ్డ దానంతట అదే మాడిపోతుందని చెబుతున్నారట. పథ్యం మీద మనకున్న గురి తరతరాలది, అందులో మంచి కూడా ఉంది. అయితే ఈ ఒక్క విషయంలో కేన్సర్ కణం ఆ లెక్కకు లొంగదు.

కణం రెండుగా చీలాలంటే దాని పొర కూడా రెండింతలు కావాలి. పొరలో అధిక భాగం కొవ్వే. ఎదిగిన శరీరంలోని మామూలు కణాలు ఆ కొవ్వును చాలావరకు రక్తం నుంచి తీసుకుంటాయి. కణితులు అలా కాక గ్లూకోజ్ నుంచే కొవ్వు ఆమ్లాలను తయారుచేసుకోగలవని గ్రేస్ మెడెస్ బృందం 1953లోనే చూపింది. గ్లూకోజ్ నుంచి పుట్టి, మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) నుంచి బయటికి వచ్చిన సిట్రేట్ తెగి, రెండు కార్బన్ల ముక్కను మోసే ఎసిటైల్-కోఏ అవుతుంది. అందులో కొంత మలోనైల్-కోఏగా మారుతుంది. ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్ (రసాయన చర్యను నడిపే ప్రోటీన్) ఒక ఎసిటైల్‌కు ఏడు మలోనైల్‌ల నుంచి రెండేసి కార్బన్లను చేర్చి, ఇలాంటి నిర్మాణానికి హైడ్రోజన్‌ను అందించే ఎన్‌ఏడీపీహెచ్ అణువులను 14 ఖర్చుపెట్టి, 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఈ లెక్కను మన కళాశాలల్లో పరీక్ష కోసం కంఠతా పట్టిస్తారు గాని, ఒక కణం ఇంత ఖర్చును ఎందుకు భరిస్తుందని అడిగే వ్యవధి విద్యార్థికి దొరకదు. ఆ ప్రశ్నే నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

జవాబు వంటింట్లోనే ఉంది. పుష్యమాసపు తెల్లవారుజామున నేతిగిన్నె గడ్డకట్టి ఉంటుంది; పక్కనే ఆవకాయ జాడీలో పైకి తేలిన పప్పునూనె (నువ్వులనూనె) మాత్రం జారుతూనే ఉంటుంది. నేతిలో ఉండే స్టియరిక్ ఆమ్లంలోనూ, పప్పునూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లంలోనూ కార్బన్లు పద్దెనిమిదే. మొదటిది సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు, రెండవది సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది. తేడా అంతా 9, 10 కార్బన్ల మధ్య ఉన్న ఒక్క జంటబంధానిది, అంటే రెండు కార్బన్లను కలిపే రెట్టింపు బంధానిది. అది లేని గొలుసులు చీపురు పుల్లల్లా తిన్నగా ఉండి ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుంటాయి. అది ఉన్నచోట గొలుసు వంగుతుంది కనుక బిగువు కుదరదు. కేన్సర్ కణం తయారుచేసే పామిటిక్ ఆమ్లం తిన్నని గొలుసే. అదే పేరుకుపోతే పొర బిరుసెక్కి కణమే చచ్చిపోతుంది. అందుకే ఆ జంటబంధాన్ని పెట్టే స్టియరాయిల్-కోఏ డీసాచురేజ్ అనే ఎంజైమ్ చాలా కణితుల్లో హెచ్చుగా ఉంటుంది.

ఒక జంటబంధంతో ఇంత మేలు కలిగితే రెండు, మూడు ఉంటే ఇంకా మేలు కదా అనిపించవచ్చు. అక్కడే నూనెకున్న రెండవ గుణం, కనరెక్కడం, అడ్డువస్తుంది. పప్పునూనెలోని లినోలియిక్ ఆమ్లానికి జంటబంధాలు రెండు; వాటి నడుమ చిక్కిన కార్బన్ మీది హైడ్రోజన్ పట్టు సడలి ఉంటుంది. దాన్ని ఊడబెరికితే అక్కడ ఆక్సిజన్ చేరి, పక్క గొలుసునూ చెడగొట్టి, అలా సాగిపోతుంది. ఇనుము తోడైతే మరీ వేగంగా సాగుతుంది. నువ్వుల్లో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాలు ఈ చెడును ఆపుతాయి. కణంలో ఆ పని జీపీఎక్స్4 అనే ఎంజైమ్‌ది. అది ఓడిపోయినప్పుడు కణం పొర కనరెక్కి చచ్చిపోవడానికి 2012లో బ్రెంట్ స్టాక్‌వెల్ బృందం ఫెర్రోప్టోసిస్ అని పేరు పెట్టింది. వేగంగా పెరిగే కేన్సర్ కణాలు ఇనుమును హెచ్చుగా కూడగట్టుకుంటాయి కనుక ఈ అపాయం వాటికే ఎక్కువ. ఓలియిక్ ఆమ్లానికి జంటబంధం ఒక్కటే కనుక మధ్యన చిక్కే కార్బన్ ఉండదు: అది గడ్డకట్టదు, సులువుగా కనరెక్కదు. శోషరసంలో (లింఫ్‌లో) దొరికే ఓలియిక్ ఆమ్లం మెలనోమా అనే చర్మ కేన్సర్ కణాలను ఫెర్రోప్టోసిస్ నుంచి కాపాడుతుందని 2020లో ఎలుకల మీద చూశారు.

లినోలియిక్ ఆమ్లాన్ని మన శరీరం తయారుచేసుకోలేదు, అది తిండి నుంచే రావాలి. అంటే కేన్సర్ కణం సొంతంగా చేసుకునే కొవ్వు దానికి కవచమైతే, సులువుగా కనరెక్కే కొవ్వు పళ్లెంలోంచి వచ్చేది. అంతమాత్రాన నూనె తాగించమని కాదు. పామిటిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న మేత నోటి కేన్సర్ వ్యాప్తిని ఎలుకల్లో పెంచిందని, సీడీ36 అనే ప్రోటీన్ ద్వారా అలా జరిగిందని 2017లో ప్రచురితమైన పరిశోధన ఉంది. కాని నూనె, నెయ్యి మాన్పించినా కణితికి అన్నంలోని గ్లూకోజ్ ఉంటుంది. అన్నమూ మాన్పిస్తే శరీరం కండను కరిగించి గ్లూకోజ్ చేస్తుంది. కీమోథెరపీలో ఉన్న మనిషికి బరువు, కండ తగ్గడమే పెద్ద నష్టం. పప్పన్నంలో నెయ్యి ఎంత వేయాలో ఆమె బరువు, ఆకలి చూసి వైద్యులు చెప్పాలి.

కొవ్వు తయారీని మందుతో ఆపే ప్రయత్నాలు సాగుతున్నాయి. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చిన కేన్సర్ మందు మెథోట్రెక్సేట్ కూడా కణం తన సరుకు తాను చేసుకోకుండా అడ్డుకునే మందే. అది డీఎన్‌ఏ సరుకును ఆపుతుంది. కొవ్వు విషయంలో చిక్కు ఏమిటంటే, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్‌ను ఆపగానే కణం రక్తంలోని కొవ్వును లాక్కోవడం మొదలుపెట్టగలదు. అందువల్ల ఆ రెండు దారులనూ ఒకేసారి మూయడం, లేదా జీపీఎక్స్4ను దెబ్బతీసి పొరను కనరెక్కించడం ఎలాగన్న దాని మీద ఇప్పుడు ప్రయోగశాలల్లో పని జరుగుతోంది.