అడ్డాకు విస్తరి పోయిన చోట ఏం చేరింది?

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడానికి పర్లాకిమిడి నుంచి, బరంపురం నుంచి, ఇటు మందస వైపు నుంచి తెలుగువాళ్లు వస్తారు. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న ఈ కొండను ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఇక్కడ పుట్టిన మహేంద్రతనయ నది శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన వాగులో పడ్డ కవరుకైనా దారి అదే.

ప్లాస్టిక్ రాకముందు ఈ ప్రాంతంలో బంతి భోజనమంటే అడ్డాకు విస్తరే. అడ్డతీగ ఆకుల్ని సవర గిరిజన ఆడవాళ్లు కోసి, ఎండబెట్టి, కట్టలుగా సంతకు తెస్తారు. కుట్టేముందు నీళ్లు చిలకరించి మెత్తబడనివ్వాలి. లేకపోతే పుల్ల గుచ్చగానే చీలిపోతుంది. నాలుగైదు ఆకుల్ని అంచు మీద అంచు వచ్చేలా వెదురు పుల్లలతో కుట్టి, బరువు కింద ఉంచితే విస్తరి చదునుగా నిలుస్తుంది. చిక్కల్లా చారుతోనే: అతుకుల్లోంచి కారిపోతుంది. రెండో వరస వేస్తే ఆగుతుంది గానీ ఆకులూ, కూలీ రెట్టింపు.

ఆ సందులోంచే కాగితం ప్లేటు వచ్చింది. అందులో కాగితం ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. అంచు పట్టుకుని నెమ్మదిగా చింపి చూడండి, కాగితం తెగాక కూడా పలచని ప్లాస్టిక్ పొర ఒకటి సాగుతూ వస్తుంది. చారు కారకుండా ఆపేది ఆ పొరే, నేలలో మిగిలిపోయేదీ అదే. పైన అన్నం మెతుకులు ఉంటాయి కనుక పశువులు పొరతో సహా తినేస్తాయి.

చట్టం మాత్రం చాలాకాలం ప్లాస్టిక్ సంచికి ఉండాల్సిన కనీస మందం చుట్టూనే తిరిగింది. 1999లో 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 చివర్లో 120. బరంపురం సహా ఒడిశాలోని కొన్ని నగరాల్లో 2018 అక్టోబరు 2 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం పెట్టారు. 2022 జులై 1న దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు ఆపేశారు. నీళ్ల సీసా, చిప్స్ ప్యాకెట్ ఆ జాబితాలో లేవు. కొండ ఎక్కేవాళ్ల చేతిలో ఉండేవి సరిగ్గా అవే!

అందుకే కొండ పైన చెత్త డబ్బాలు పెట్టినంత మాత్రాన పని కాదు. నిండిన డబ్బాను కిందికి మోసేవాళ్లు లేకపోతే గాలీ, కోతులూ దాన్ని ఖాళీ చేస్తాయి. అర లీటరు ఖాళీ సీసా పది పన్నెండు గ్రాములే. వెయ్యి కలిపినా ఒక మనిషి మోయగల బరువే, కానీ నలపకపోతే ఆటో ట్రాలీ సగం నిండుతుంది. మూత బిగించి ఉంటే లోపలి గాలి నలగనివ్వదు. ముందు మూత తీసి, సీసాను మెలిపెట్టి, మళ్లీ మూత బిగించాలి. సీసాలకైతే పాత సామాన్ల కొట్లో ధర పలుకుతుంది. చిప్స్ ప్యాకెట్‌ను ఎవరూ కొనరు, కాబట్టి దాన్ని కొండకింద ఆపడమే దారి.

కేదార్‌నాథ్ దారిలో 2022 నుంచి సీసాపై క్యూఆర్ స్టిక్కర్ అంటించి, అదనంగా తీసుకున్న 10 రూపాయలను ఖాళీ సీసా ఇచ్చాక తిరిగిస్తున్నారు. మహేంద్రగిరికి అదే పద్ధతి తేవాలంటే ఒక ముడి విప్పాలి. కొండ ఒడిశాది, మందస వైపు దుకాణాలు ఆంధ్రవి. ఇటు కొన్న సీసాకు అటు దిగేవాళ్లకూ డబ్బు చేతికి అందాలి.