స్టీరింగ్ ర్యాక్‌ను తినేసే చిన్న చిరుగు

షెడ్డులో మా కారు లిఫ్ట్ ఎక్కింది. ముందు చక్రం వెనక ముడతలు ముడతలుగా ఉన్న నల్ల రబ్బరు తొడుగుని, బూటు అంటారు దాన్ని, మెకానిక్ రెండు వేళ్లతో నొక్కాడు. తుప్పు రంగు నీళ్లు నాలుగు చుక్కలు అతని ముంజేతి మీదుగా జారాయి. "వాన నీళ్లు సార్, ఎప్పట్నుంచి ఉన్నాయో" అన్నాడు. గతుకుల్లో టకటకమంటోందని, స్టీరింగ్ మధ్యలో వదులుగా ఉండి పక్కకి తిప్పితే పట్టేస్తోందని నేను ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను. అంతకుముందు చూపించిన చోట రెండుసార్లు అలైన్‌మెంట్, అంటే చక్రాల వాలు సరిచేయడం, చేసి పంపారు గానీ, ఆ బూటు వంక ఎవరూ చూడలేదు. చిరుగు అంగుళం కూడా లేదు.

ఆ బూటు కాపాడేది స్టీరింగ్ ర్యాక్‌ని. రంపంలా ఒక వైపు పళ్లున్న పొడవాటి ఉక్కు కడ్డీ అది. మనం స్టీరింగ్ తిప్పితే కింద పినియన్ అనే చిన్న పళ్లచక్రం తిరిగి, కడ్డీని ఎడమకో కుడికో జరుపుతుంది. కడ్డీ రెండు కొసలకూ ఉన్న టై రాడ్లు చక్రాల్ని తిప్పుతాయి. ఇంతవరకూ కరెంటుతో పనే లేదు. అందుకే పవర్ స్టీరింగ్ ఉన్నట్టుండి ఆగిపోయినా బండి తిరుగుతుంది, కాకపోతే భుజాలు నొప్పెట్టేంత బరువుగా తిరుగుతుంది.

కరెంటు సాయం ఎలా అందుతుందో తెలుసుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. స్టీరింగ్‌కీ పినియన్‌కీ మధ్య టార్షన్ బార్ అనే సన్నటి కడ్డీ ఉంటుంది. మనం తిప్పబోతే చక్రాలు మొరాయిస్తాయి కదా, ఆ పెనుగులాటలో అది తడి బట్ట పిండినట్టు కొద్దిగా మెలి తిరుగుతుంది. ఎంత మెలి తిరిగిందో సెన్సర్ కొలుస్తుంది. బండి ఎంత స్పీడులో ఉందో కూడా చూసుకుని, మోటారుకి ఎంత కరెంటు పంపాలో కంప్యూటర్ తేలుస్తుంది. పార్కింగ్‌లో ఎక్కువ సాయం, హైవే మీద తక్కువ. ఈ లెక్క సెకనుకి వందల సార్లు జరుగుతుంది.

పాతకాలం పవర్ స్టీరింగ్ నూనె ఒత్తిడితో నడిచేది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లో దాన్ని కారుకి బిగించి చూపించాడు. అమ్మకానికి వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. దాని పంపు ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది కాబట్టి రోడ్డు తిన్నగా ఉన్నా ఇంజన్ బలాన్ని తింటూనే ఉంటుంది. బుల్లి ఇంజన్లకి అది మోయలేని బరువు. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారుతో ఎలక్ట్రిక్ పద్ధతి వచ్చింది. మోటారుకి తిప్పినప్పుడే పని.

ఆ మోటారు ఎక్కడుందన్నది రిపేరు ఖర్చుని తేల్చేస్తుంది. మన దగ్గర చాలా చిన్న కార్లలో అది డాష్‌బోర్డు కింద, స్టీరింగ్ నుంచి కిందికి దిగే కాలమ్ మీద ఉంటుంది. మాదీ అలాంటిదే, ర్యాక్ ఒక్కటి మార్చుకుని బయటపడ్డాం. పెద్ద కార్లు చాలావాటిలో మోటారు, దాని ఎలక్ట్రానిక్స్ ర్యాక్‌ మీదే ఉంటాయి. అక్కడికి నీళ్లు చేరితే తరచూ ర్యాక్, మోటారు కలిసిన మొత్తం సెట్టు మార్చాల్సిందే.

చిన్న చిరుగులోంచి అన్ని నీళ్లెలా పోతాయి? బూటు కొలిమి తిత్తి లాంటిది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఒక పక్క బూటు ముడుచుకుంటుంది, రెండోది సాగుతుంది. చిరిగిన బూటు సాగిన ప్రతిసారీ బయటి గాలిని, దాంతోపాటు రోడ్డు మీది తడిని, దుమ్మునీ లోపలికి పీల్చేస్తుంది. గ్రీజు కొట్టుకుపోతుంది. మిగిలిన జిగురులో దుమ్ము కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది, తుప్పు మొదలవుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలా మునిగిన బండి ఏ ఊళ్లో కొంటున్నా, సీట్లు, ఇంజన్ చూసి ఆగకండి, రెండు బూట్లూ విప్పించి ర్యాక్ చూడండి.

అలాగని స్టీరింగ్ బరువెక్కగానే ర్యాక్ పోయిందని టెన్షన్ పడక్కర్లేదు. పార్కింగ్‌లో గట్టిగా తిప్పితే మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నీరసపడ్డా, టెర్మినల్ మీద తెల్లటి పొడి పట్టినా స్టీరింగ్ లైటు వెలిగి సాయం తగ్గిపోవచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14కి దగ్గర్లో ఉందో లేదో ముందు చూడాలి. లైటు వెలగకుండా బరువెక్కితే టైర్లలో గాలి చూడాలి. టకటక శబ్దమైతే టై రాడ్ ఎండ్ (టై రాడ్ చక్రం వైపు కొసన ఉండే కీలు) నుంచో, లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేతి కీలులోని రబ్బరు) నుంచో కూడా రావచ్చు. స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి అలాగే బిగబట్టి ఉంచే అలవాటు మానుకోండి, మోటారు వేడెక్కుతుంది.

ర్యాక్ మార్చడం ఇంట్లో చేసుకునే పని కాదు. పక్కన నిలబడి చూడటానికి మాత్రం బాగుంటుంది. మా మెకానిక్ చక్రాలు తిన్నగా పెట్టి, బ్యాటరీ వైరు తీసి, స్టీరింగ్‌ని సీటు బెల్టుతో కట్టేశాడు. హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ కరెంటు తీసుకెళ్లే రిబ్బన్ లాంటి వైరు, క్లాక్ స్ప్రింగ్, స్టీరింగ్ లోపల చుట్టుకుని ఉంటుంది. కింద ర్యాక్ విడిపోయాక స్టీరింగ్ ఇష్టమొచ్చినట్టు తిరిగితే అది తెగుతుంది. స్టీరింగ్ షాఫ్ట్ ర్యాక్‌కి కలిసే అతుకు మీద తెల్ల పెయింటుతో గీత పెట్టాడు, మళ్లీ అలాగే కలపడానికి. టై రాడ్ ఎండ్ విప్పుతూ ఎన్ని చుట్లకి ఊడిందో పైకే లెక్కపెట్టాడు, మళ్లీ అన్నే చుట్లు బిగించాలి కాబట్టి. కొత్త ర్యాక్ బిగించాక అలైన్‌మెంట్ తప్పనిసరి. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉన్న కార్లలో స్కానర్ పెట్టి, తిన్నగా అంటే ఇదీ అని కంప్యూటర్‌కి మళ్లీ నేర్పాలి. ఇది వదిలేస్తే కొత్త ర్యాక్‌తోనూ వార్నింగ్ లైటు వెలగొచ్చు, స్టీరింగ్ ఒక పక్కకి లాగొచ్చు.

పాత ర్యాక్ నా చేతిలో పెట్టాడు. బొటనవేలితో తడిమితే మధ్యలో పళ్లు అరిగి నున్నగా ఉన్నాయి, కొసల్లో పదునుగా ఉన్నాయి. బండి ఎక్కువ కాలం నడిచేది తిన్నగానే కాబట్టి అరుగుదలంతా మధ్యలోనే. వదులు అక్కడ. పక్కల పట్టేసింది తుప్పు.

ఇప్పుడు వానాకాలం ముందూ తర్వాతా నేనే చూసుకుంటున్నాను. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రం వెనకాల టార్చి కొడతాను. ఆ పక్క బూటు సాగి ఉంటే మడతల లోతు దాకా కనిపిస్తుంది. ముడుచుకుని ఉంటే స్టీరింగ్ రెండో పక్కకి తిప్పి మళ్లీ చూస్తాను. చిరుగు ఎక్కువగా ఉండేది ఆ మడతల లోతులోనే.