తేలు కుట్టిన తరువాతి గంటలు

అరచేతి పొడవుండే నల్లని మండ్రగబ్బ ఎదురైతే ఎంతటివారైనా జడుసుకుంటారు, వేలెడంత ఎర్రతేలు కనిపిస్తే చెప్పుతో ఒక దెబ్బ వేసి ఊరుకుంటారు. భయపడవలసింది మాత్రం ఆ రెండవదాన్ని చూసే. లావుపాటి పట్టుకార్లున్న తేలు ఎరను వాటితోనే నలిపి చంపగలదు కనుక విషం మీద అంతగా ఆధారపడదు. పట్టుకార్లు సన్నగా, తోక దిట్టంగా ఉన్న తేలుకు ఉన్న బలమంతా కొండిలోనే. ఈ గుర్తుకు మినహాయింపులు లేకపోలేదు. ఇప్పటివరకు గుర్తించిన 2,500కు పైగా తేలు జాతుల్లో మనిషి ప్రాణం తీయగలిగినవి కొన్ని పదులకు మించవు, అవి దాదాపుగా అన్నీ బ్యూథిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి.

తేలు కరవదు, కుడుతుంది. అయినా తేలుకాటు అనే మాట వాడుకలో స్థిరపడిపోయింది కనుక ఇక్కడా దాన్నే వాడుతున్నాను. 2008లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 12 లక్షలకు పైగా తేలుకాట్లు, 3,000కు పైగా మరణాలు సంభవిస్తున్నాయి. ఉత్తర ఆఫ్రికా, సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్ ప్రాంతం, పశ్చిమాసియా, దక్షిణ భారతం, మెక్సికో, బ్రెజిల్ ఈ లెక్కలో ముందుంటాయి. చనిపోయేవారిలో ఎక్కువమంది పిల్లలు, ఎందుకంటే తేలు ఎక్కించే విషం ఎవరికైనా ఒక్కటే, అది పంచుకునే శరీరం మాత్రం పిల్లల్లో చిన్నది.

ఆ విషం చేసే పని చిత్రమైనది. నాడీకణం గోడలో సోడియం అయాన్లకు, అంటే విద్యుదావేశమున్న సోడియం కణాలకు, దారినిచ్చే సన్నని ద్వారాలుంటాయి. సంకేతం వచ్చినప్పుడు అవి సెకనులో వెయ్యోవంతు కాలం తెరుచుకుని వెంటనే మూసుకుంటాయి. తేలు విషంలోని చిన్న ప్రోటీన్లు ఆ ద్వారాలకు అతుక్కుని వాటిని మూసుకోనివ్వవు. దాంతో నాడులు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి, అడ్రినలిన్ వంటి ఉద్రేక రసాయనాలు రక్తంలోకి వరదలా వచ్చిపడతాయి. మొదట వాంతులు, బట్టలు తడిసిపోయేంత చెమట, నోటి నుంచి చొంగ, మగపిల్లల్లో అంగస్తంభన కనిపిస్తాయి. రక్తనాళాలు బిగుసుకుపోవడం వల్ల చేతులు, కాళ్లు మంచులా చల్లబడతాయి. బిగిసిన నాళాలకు ఎదురొడ్డి రక్తాన్ని తోసీ తోసీ గుండె అలసిపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, రోగి దగ్గితే గులాబీ రంగు నురగ వస్తుంది. ఇదంతా కొద్ది గంటల్లోనే జరిగిపోవచ్చు.

ఎర్రతేలు విషయంలో నొప్పి ప్రమాదానికి కొలమానం కాదని వైద్యులు పదేపదే గమనించారు. కుట్టినచోట మంట భరించలేక కేకలు పెడుతున్నా వేరే లక్షణమేదీ లేనివారు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. నొప్పి పెద్దగా లేదంటూనే వాంతి చేసుకుని, చెమటలు కక్కుతూ, చేతులు చల్లబడినవారి దగ్గరే వైద్యుడు కూర్చోవాలి. మంత్రాలకూ పసర్లకూ వచ్చిన పేరు కూడా ఇక్కడిదే. అత్యధికంగా తేలుకాట్లు ఏ వైద్యమూ లేకుండానే మానిపోతాయి, ఆ ఘనత అప్పటికి పక్కనున్నవారికి దక్కుతుంది.

మహారాష్ట్ర కొంకణ తీరంలోని మహాడ్ ప్రాంతంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ గంటలనే పట్టి చూశారు. ఆ రోజుల్లో ఎర్రతేలు కుట్టి విషమించిన ప్రతి పదిమందిలో ముగ్గురు నలుగురు చనిపోయేవారు. రక్తపోటుకు వాడే ప్రేజోసిన్ అనే మామూలు మాత్ర బిగిసిన రక్తనాళాలను సడలిస్తుంది కనుక, దాన్ని ఈ రోగులకు ఇచ్చి చూసిన ఆయన ఆ ఫలితాలను 1980లలో వైద్య పత్రికల్లో ప్రకటించారు. మరణాలు దాదాపు నూటికి ఒకటికి దిగివచ్చాయి. ఆ మాత్ర విషానికి విరుగుడు కాదు, విషం రేపిన తుఫానును తట్టుకునేలా గుండెకు ఊరటనిస్తుందంతే. పెద్ద యంత్రాలేవీ అవసరం లేకుండా చిన్న ఆరోగ్య కేంద్రంలోనే ఇవ్వగలగడం దాని అసలు గొప్ప.

విషాన్ని నేరుగా అణచే విరుగుడు మందైన సీరం సంగతి ఇంత తేలికగా తేలలేదు. ట్యునీషియాలో 800 మందికి పైగా రోగులపై జరిపి 1999లో ప్రచురించిన పరీక్షలో, తేలు కుట్టిన ప్రతివారికీ సీరం ఇవ్వడం వల్ల ప్రయోజనం కనిపించలేదు. 2011లో మహాడ్ నుంచే వెలువడిన పరీక్షలో మాత్రం సీరం, ప్రేజోసిన్ కలిపి తీసుకున్న 35 మందిలో 32 మంది పది గంటల్లో కోలుకోగా, ప్రేజోసిన్ ఒక్కటే తీసుకున్న 35 మందిలో అంత త్వరగా కోలుకున్నవారు 8 మందే. తేలు జాతి వేరు, రోగుల పరిస్థితి వేరు, వచ్చిన వేళ వేరు. అందువల్ల ఒక దేశపు ఫలితాన్ని ఇంకొక దేశానికి అలాగే అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం.

ఇది పల్లెల సమస్య అనుకోవడానికి కూడా వీల్లేదు. బ్రెజిల్ పసుపు తేళ్లలో ఆడవి మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. మురుగు కాలువల్లోని బొద్దింకలను తింటూ అవి నగరాలకు నగరాలనే ఆక్రమిస్తున్నాయి, ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ ఏటా లక్షన్నరకు పైగా తేలుకాట్లు నమోదవుతున్నాయి. 2021 నవంబరులో ఈజిప్టులోని ఆస్వాన్‌లో కుండపోత వాన తేళ్లను బొరియల్లోంచి ఇళ్లలోకి తరిమితే 500 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. అతినీలలోహిత కాంతి పడితే తేలు ఒళ్లంతా నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది కనుక చీకట్లో వాటిని వెతికి పట్టడం సులువే, కాని పట్టినకొద్దీ తరిగేవి కావు.

మెక్సికోలో నేటికీ ఏటా మూడు లక్షలకు దగ్గరగా తేలుకాట్లు నమోదవుతూనే ఉన్నాయి. ఒకప్పుడు వందల్లో ఉన్న మరణాలు మాత్రం, సీరం మారుమూల ఆరోగ్య కేంద్రాల దాకా చేరిన తరువాత పదుల్లోకి తగ్గాయి.