ముందు ఎవరి ఉద్యోగం పోవాలి?

మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరపు పబ్లిక్ స్కూళ్ళ మీద అమెరికా న్యాయశాఖ 2025 డిసెంబరులో ఫెడరల్ కోర్టులో దావా వేయడంతో పాత గొడవ మళ్ళీ రాజుకుంది. మూడు వారాల సమ్మె తర్వాత 2022లో టీచర్ల యూనియన్‌తో స్కూళ్ళ యాజమాన్యం చేసుకున్న ఒప్పందంలోని ఒక నిబంధన చుట్టూ ఈ దావా నడుస్తోంది. పోస్టులు తగ్గించాల్సి వచ్చినప్పుడు చివర చేరినవాళ్ళను ముందు ఇంటికి పంపడం అక్కడి రివాజు. అయితే అక్కడి టీచర్లలో బాగా తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాలవాళ్ళను ఆ వరసలోంచి తప్పించవచ్చని 2022 ఒప్పందం చెబుతోంది. ఆ ఏడాదే ఒక పన్ను చెల్లింపుదారు పేరిట రాష్ట్ర కోర్టులో కేసు పడింది. ఆమెకు ఈ కేసు వేసే హక్కు లేదని మినెసోటా సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వమే వాదిగా ముందుకొచ్చింది.

ఈ వార్త వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న వినిపిస్తుంది: నల్లజాతి యువత బడిపంతులు ఉద్యోగంలోకి ఎందుకు రావడం లేదు? 2020-21 లెక్కల ప్రకారం అమెరికా పబ్లిక్ స్కూళ్ళ టీచర్లలో తెల్లవారు 80 శాతం, నల్లజాతివారు 6 శాతం. పిల్లల్లో మాత్రం నల్లజాతివారు 15 శాతం దాకా ఉన్నారు. జీతం చాలకనా, చదువు అప్పులు తీరకనా, పరీక్షలు గట్టెక్కలేకనా అని చర్చ సాగుతుంది. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ రానివాళ్ళ గురించి ఇంత మాట్లాడేవాళ్ళు, ఒకప్పుడు ఉన్నవాళ్ళు ఏమయ్యారని అడగడం తక్కువ.

బానిసత్వం, నల్లజాతి పిల్లలకు వేరు బడులు, అవి చెల్లవని 1954లో సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పు చాలామందికి తెలిసినవే, ఇక్కడ తిరగదోడను. తీర్పుకు ఏడాది ముందు, ఆ కేసు పుట్టిన ఊళ్ళోనే, టైపు చేసిన ఒక ఉత్తరం దగ్గర మొదలుపెడతాను.

కాన్సాస్ రాష్ట్రంలోని టొపీకాలో నల్లజాతి పిల్లలకు నాలుగు ప్రాథమిక పాఠశాలలు ఉండేవి. వాటిలో టీచర్లు కూడా నల్లజాతివాళ్ళే. 1953 మార్చిలో స్కూళ్ళ సూపరింటెండెంట్ వెండెల్ గాడ్విన్ అక్కడి ఒక టీచరుకు ఉత్తరం రాశాడు. నల్లజాతి పిల్లల బడుల్లో వచ్చే ఏడాది ఎంతమంది చేరతారో తెలియడం లేదు కాబట్టి ఉద్యోగం కొనసాగించలేమని దాని సారాంశం. అక్కడితో ఆపలేదు. వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు చెబితే, తెల్లపిల్లలకు పాఠం చెప్పడానికి నల్లజాతి టీచర్లను పెట్టుకోవడం టొపీకాలో ఎక్కువమందికి ఇష్టం ఉండదనే లెక్కతోనే బోర్డు నడుచుకుంటుందని కూడా రాశాడు.

ఆయన దాపరికం లేకుండా రాశాడు. తర్వాతివాళ్ళు అంత తెలివితక్కువ పని చేయలేదు.

బ్రౌన్ తీర్పును చదివి చూడండి. టీచర్ల అర్హతలు, జీతాలు సమానం అవుతున్నాయన్న ఒక్క ప్రస్తావన తప్ప వాళ్ళ ఉద్యోగాల ఊసు అందులో లేదు. పిల్లల్ని కలపమన్నారు. అప్పట్లో సుమారు 82 వేల మంది నల్లజాతి టీచర్లు దాదాపు 20 లక్షల మంది నల్లజాతి పిల్లలకు చదువు చెబుతున్నారు. ఆ సమాజంలో చదువుకున్నవాడికి దొరికే గౌరవమైన కొలువు అదే. వేరే కొలువుల తలుపులు మూసి ఉండేవి కాబట్టి మాస్టర్స్ డిగ్రీలున్న మనుషులు పల్లెబడుల్లో పాఠాలు చెప్పేవాళ్ళు. రెండు బడులు ఒకటైతే ఒక హెడ్మాస్టరు చాలు, ఒక లెక్కల టీచరు చాలు. ఆ ఒక్కరు ఎవరనేది తేల్చే అధికారం తెల్లవాళ్ళ స్కూలు బోర్డులకు దక్కింది. 1954 నుంచి 1965 దాకా దక్షిణాదిలోనూ దాన్ని ఆనుకున్న రాష్ట్రాల్లోనూ, మొత్తం 17 రాష్ట్రాల్లో, దాదాపు 38 వేల మంది నల్లజాతి టీచర్లూ ప్రిన్సిపాళ్ళూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారని చరిత్రకారులు తరచూ చెప్పే లెక్క. అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువని వాదించే పరిశోధకులూ ఉన్నారు.

మిస్సోరీలోని మోబర్లీ ఊరి కథ చూస్తే ఇది ఎలా జరిగిందో అర్థమవుతుంది. 1955లో అక్కడ నల్లజాతి పిల్లల బడిని మూసేసి పిల్లల్ని మిగతా బడుల్లో కలిపారు. టీచర్లు ఎక్కువైపోయారు, కొందరిని తగ్గించాలన్నారు. చివరికి చూస్తే నల్లజాతి టీచర్లు పదకొండుమందిలో ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళు కోర్టుకెక్కారు. పదకొండుకు పదకొండూ పోవడం వింతగా ఉందన్న సంగతి కోర్టు దృష్టికి రాకపోలేదు. అయినా బోర్డు ఒక్కొక్కరి సామర్థ్యాన్ని విడివిడిగా బేరీజు వేసిందనీ, రంగు చూసి తీసేసినట్టు రుజువు కాలేదనీ తీర్పు వచ్చింది. 1959లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది, అదే ఏడాది సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. రుజువు చేయాల్సిన బరువు ఎవరి నెత్తిన పడిందో గమనించండి. టొపీకాలో లాగా ఉత్తరం రాసిపెడితే తప్ప రుజువెక్కడ దొరుకుతుంది?

మిగతా చోట్ల దారులు వేరు. దక్షిణ కరొలైనా 1956లో, పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో సభ్యులైనవాళ్ళు ప్రభుత్వ కొలువుకు పనికిరారని చట్టం చేసింది. చార్ల్‌స్టన్‌లో నలభై ఏళ్ళ సర్వీసున్న టీచరు సెప్టిమా క్లార్క్ తన సభ్యత్వాన్ని దాచనన్నారు. ఉద్యోగం పోయింది, పింఛనూ పోయింది. ఆ పింఛను తిరిగి ఇచ్చింది 1976లో, ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చే వేళకి. అదే రాష్ట్రంలో ఎలోరీ అనే చిన్న ఊళ్ళో ఇరవైమందికి పైగా టీచర్లు సభ్యత్వం గురించిన ప్రశ్నకు జవాబు ఇవ్వబోమని చెప్పి ఒకేసారి బయటికి వచ్చారు. పరీక్షల కథా ఇక్కడిదే. నల్లజాతి టీచర్లకు తెల్లవారితో సమానంగా జీతం ఇవ్వాలని కోర్టు చెప్పిన కొద్దికాలానికే, 1945లో, ఈ రాష్ట్రం జీతాలనూ సర్టిఫికెట్లనూ నేషనల్ టీచర్ ఎగ్జామినేషన్ మార్కులకు ముడిపెట్టింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత న్యాయశాఖ దాని మీద కేసు వేస్తే 1978లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే నిలిచింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో రాయించే ప్రాక్సిస్ పరీక్ష ఆ పరీక్షకు వారసురాలే.

అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది హెడ్మాస్టర్లు. ఉత్తర కరొలైనాలో 1963లో రెండొందల మందికి పైగా ఉన్న నల్లజాతి హైస్కూలు ప్రిన్సిపాళ్ళు 1970కల్లా పదిమందిలోపుకి పడిపోయారు. కొత్త టీచర్ని చేర్చుకునేదీ, వెనకేసుకొచ్చేదీ ప్రిన్సిపాలే. ఆ కుర్చీ పోయాక కింది వరస నిలవదు. ఈ సంగతులు 1971లో అమెరికన్ సెనేట్ కమిటీ ముందు విచారణకు కూడా వచ్చాయి. అంటే ఎవరికీ తెలియక జరిగిన పని కాదు. 1969 చివర్లో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, బడులు కలిపే క్రమంలో ఎవరినైనా తగ్గిస్తే రంగుతో సంబంధం లేని కొలతల ప్రకారమే చేయాలని ఆదేశించింది. అప్పటికి పదిహేనేళ్ళు గడిచాయి, వెళ్ళినవాళ్ళు వెళ్ళిపోయారు.

డెబ్బైల్లో కథ ఉత్తరాదికి మళ్ళింది. మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో 1972లో బోర్డూ యూనియనూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. లేఆఫ్‌లకు సీనియారిటీయే ప్రాతిపదిక, కానీ మైనారిటీ టీచర్ల శాతం అప్పటికి ఎంత ఉందో అంతకుమించిన శాతంలో వాళ్ళను తీసేయకూడదు. ఎనభైల మొదట్లో ఉద్యోగాలు తగ్గించినప్పుడు ఈ నిబంధన వల్ల తమకన్నా జూనియర్లు ఉండిపోయి తమ ఉద్యోగాలు పోయాయని తెల్లజాతి టీచర్లు కేసు వేశారు. 1986 మేలో సుప్రీంకోర్టు 5-4తో వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది.

జస్టిస్ పవెల్ రాసిన ఆ తీర్పే ఈనాటి వివాదాలన్నిటికీ వెన్నెముక. నల్లజాతి పిల్లలకు ఆదర్శంగా నిలవడానికి నల్లజాతి టీచర్లు కావాలన్న వాదానికి ఎక్కడ ఆగాలో హద్దు లేదన్నారాయన. అదే లెక్క తిప్పితే, నల్లజాతి పిల్లలు తక్కువున్న చోట నల్లజాతి టీచర్లూ తక్కువ చాలనవచ్చు కదా అని ఆయన ప్రశ్న. దానికి జవాబు చెప్పడం తేలిక కాదు, ఒప్పుకోవాలి. ఇంకో మాట కూడా అన్నారు. సమాజంలో వివక్ష ఉందంటే చాలదు, ఆ బోర్డు తానే గతంలో వివక్ష చూపిందనడానికి ఆధారం ఉండాలి. పైగా కొత్త నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తే దాని భారం చాలామంది మీద పలచగా పడుతుంది, లేఆఫ్‌లో అయితే ఒకే మనిషి జీవితం మీద పడుతుంది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ స్టీవెన్స్ వెనక్కి చూడడం మానేసి, పిల్లలకు అన్ని రంగుల టీచర్లు పాఠం చెబితే మేలని బోర్డు అనుకోవడంలో తప్పేముందని అడిగారు. ఆ దారి భిన్నాభిప్రాయం దగ్గరే ఆగిపోయింది.

మూడేళ్ళ తర్వాత న్యూజెర్సీలోని పిస్కాటవేలో అదే చిక్కు ఇద్దరు మనుషుల మధ్యకు వచ్చి పడింది. హైస్కూల్లో బిజినెస్ పాఠాలు చెప్పే ఇద్దరు టీచర్లు, ఒకరు తెల్లవారు, ఒకరు నల్లజాతివారు, ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఒకరిని తీసేయాలి. మామూలుగా అయితే చీటీ వేసేవాళ్ళు. ఆ విభాగంలో నల్లజాతి టీచరు ఆమె ఒక్కతే కాబట్టి ఆమెను ఉంచారు. అప్పీలు కోర్టు 1996లో ఇది చెల్లదంది. సుప్రీంకోర్టు విచారణకు తీసుకోగానే పౌరహక్కుల సంఘాల గుండెల్లో రాయి పడింది. దేశమంతటికీ వర్తించే తీర్పు వస్తుందన్న భయంతో 1997 నవంబరులో 4,33,500 డాలర్ల రాజీకి చాలా భాగం సొమ్ము అవే సమకూర్చాయి. ఓడిపోతామనుకున్న కేసును డబ్బిచ్చి ఆపుకున్నారు.

మన దగ్గర ఇలాంటి వాదం వేరే రూపంలో నడిచింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు ఏజెన్సీలో జరిగిన చర్చలు గుర్తున్నవాళ్ళకు ఈ మిషిగన్ కేసు అంత పరాయిగా తోచదు. కొండమీది బడికి మైదానపు టీచర్లు సరిగా రావడం లేదన్నది ఆ జీవో పుట్టుకకు కారణం. అమెరికాలో బడికొచ్చే టీచర్లనే బయటికి పంపారు, తేడా అదొక్కటే.

ఇక న్యూ ఆర్లీన్స్. 2005లో కత్రీనా తుపాను తర్వాత చాలా బడులను రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. స్కూలు బోర్డు 7,500 మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది, వాళ్ళలో నాలుగు వేలకు పైగా టీచర్లు. తుపానుకు ముందు ఆ ఊరి టీచర్లలో నల్లజాతివారు 71 శాతం. 2014 నాటికి సగంలోపుకి పడిపోయారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు వేసిన కేసును 2014లో లూసియానా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ రంగు గురించి ఏ నిబంధనా లేదు, అందుకే కోర్టుల్లో దాన్ని రంగు గొడవగా చూడలేదు.

మినియాపొలిస్ నిబంధనను వ్యతిరేకిస్తున్నవాళ్ళ మాటా చెప్పాలి. రాజ్యాంగం మనిషిని చూస్తుంది గానీ గుంపును కాదనీ, 1955లో మోబర్లీలో జరిగిన అన్యాయానికి 2022లో ఇరవై ఏళ్ళ సర్వీసున్న టీచరు మూల్యం చెల్లించడం న్యాయం కాదనీ వాళ్ళంటారు. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించిన 1964 చట్టం తెల్లవారికీ వర్తిస్తుందన్నది న్యాయశాఖ వాదన. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవద్దన్న 2023 తీర్పు వాళ్ళ చేతికి బలం.

మరోవైపు టెనెసీలో ఎనభైల్లో పిల్లల్ని లాటరీ పద్ధతిలో తరగతులకు పంచిన ఒక ప్రయోగం ఉంది. వాళ్ళ తర్వాతి జీవితాన్ని పరిశోధకులు వెంటాడి చూశారు. మూడో తరగతిలోపు ఒక్క నల్లజాతి టీచరు దగ్గరైనా చదివిన నల్లజాతి పిల్లలు హైస్కూలు పూర్తి చేసే అవకాశం 13 శాతం, కాలేజీలో చేరే అవకాశం 19 శాతం ఎక్కువగా తేలింది. 1986లో పవెల్ ముందు ఈ లెక్కలు లేవు.

అయితే కొత్తవాళ్ళను తెచ్చే దారులూ ఇరుకవుతున్నాయి. దక్షిణ కరొలైనాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో పాతికేళ్ళుగా నల్లజాతి మగపిల్లల్ని ప్రాథమిక బడుల టీచర్లుగా తీర్చిదిద్దే కార్యక్రమం నడుస్తోంది. అలాంటి వాటికి చాలా చోట్ల ఫెడరల్ గ్రాంట్లే ఆసరా. 2025 ఫిబ్రవరిలో విద్యాశాఖ 60 కోట్ల డాలర్ల మేర టీచరు శిక్షణ గ్రాంట్లను రద్దు చేసింది. ఎనిమిది రాష్ట్రాలు కోర్టుకు వెళ్ళినా ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 5-4తో ఆ రద్దుకు దారి వదిలింది. వచ్చినవాళ్ళ సంగతేమో, అల్లరి పిల్లల్ని అదుపు చేసే పని నుంచి జాతి సమస్యల మీద మీటింగుల దాకా జీతం లేని అదనపు పనులన్నీ తమ నెత్తినే పడతాయని నల్లజాతి టీచర్లు ఎన్నేళ్ళుగానో చెబుతున్నారు. వాళ్ళలో సర్వీసు తక్కువున్నవాళ్ళూ ఉన్నారు. లేఆఫ్ వస్తే వరసలో ముందుండేది వాళ్ళే.

మినియాపొలిస్ కేసు ఇక్కడే ఆసక్తికరం. గతంలో జరిగిన వివక్ష ప్రభావం ఇంకా కొనసాగుతోందని, దాన్ని సరిదిద్దడానికే ఆ నిబంధన పెట్టామని స్కూళ్ళ యాజమాన్యం 2022లోనే చెప్పింది. పవెల్ అడిగిన ఆధారం కూడా ఆ ఊరికి లేకపోలేదు. మినియాపొలిస్ స్కూళ్ళ యాజమాన్యం తన నిర్ణయాలతోనే బడుల్లో జాతి విభజనను పెంచిందని ఒక ఫెడరల్ జడ్జి తేల్చి, సరిదిద్దమని ఆదేశించారు. ఆ తీర్పు వచ్చింది 1972లో, జాక్సన్‌లో ఒప్పందం రాసుకున్న ఏడాదే.