సోఫీ మీద పేచీ బర్క్లీ దగ్గరే ఎందుకు?

‘సోఫీ ప్రపంచం’ మీద నల్లగొండ, పాలమూరు పాఠకుల మధ్య పాత వాదన మళ్లీ రాజుకుంది. తత్వశాస్త్రం కొత్తగా మొదలుపెట్టే డిగ్రీ పిల్లల చేతికి ఈ నవల ఇవ్వొచ్చా, ఇస్తే మనసే మొదలు, పదార్థం తర్వాతే అనే భావవాదం నూరిపోసినట్టవుతుందా అన్నది ఇప్పటి తగాదా. నార్వే రచయిత యోస్టెయిన్ గార్డర్ 1991లో రాసిన పుస్తకం ఇది. పద్నాలుగేళ్ల సోఫీకి ‘నువ్వెవరు?’ అంటూ చీటీ రావడం, టోపీలోంచి తీసిన తెల్ల కుందేలు, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. పేచీ అక్కడ లేదు. పుస్తకం నడుమ తత్వవేత్త బర్క్లీ మీద వచ్చే అధ్యాయంలో ఉంది.

మన జిల్లాల్లో చాలామందికి తత్వశాస్త్రం కాలేజీలో తారసపడలేదు, రాజకీయ తరగతుల్లో పరిచయమైంది. 1946–51 సాయుధ పోరాటం నడిచిన నల్లగొండలో ఆ తరగతుల వాసన ఇంకా పోలేదు. అక్కడ మొదటి పాఠమే పదార్థమే మొదలనే భౌతికవాదం, దానికి ఎదురు భావవాదం అనే రెండు శిబిరాలు. భావవాద శిబిరానికి ముందువరసలో నిలబెట్టే పేరు బర్క్లీది. 1909లో వచ్చిన లెనిన్ తత్వ గ్రంథం ఉపోద్ఘాతం స్థానంలోనే 1710 నాటి బర్క్లీ వాదాన్ని బోనెక్కించింది. వస్తువు ఉండటమంటే ఎవరో ఒకరి ఎరుకలో ఉండటమే, మనసుకు బయట పదార్థమనేది లేదు, అన్నీ దేవుడి ఎరుకలో నిలిచి ఉన్నాయి అని చెప్పిన క్రైస్తవ మతాధికారి బర్క్లీ. అంటే మన పాఠకుడు ఆ అధ్యాయం తెరవకముందే బర్క్లీ మీద తీర్పు చేతిలో పట్టుకుని ఉంటాడు.

నవల చేసిన పని వేరు. బర్క్లీ అధ్యాయం దాకా, లెబనాన్‌లోని ఐక్యరాజ్యసమితి దళంలో ఉన్న ఒక మేజర్ తన కూతురు హిల్డేకి రాసే పోస్టుకార్డులు ఎందుకో సోఫీ కంటపడుతుంటాయి. బర్క్లీ పాఠం చెబుతూనే గురువు ఆల్బెర్టో అసలు సంగతి బయటపెడతాడు: మనిద్దరం ఆ మేజర్ మనసులోనే ఉన్నామేమో! తర్వాతి అధ్యాయం పేరు బ్యెర్కెలీ. అది లిల్లెసాండ్‌లో హిల్డే వాళ్ల ఇల్లు. పదిహేనో పుట్టినరోజున ఆ పిల్లకు నాన్న పంపిన లావాటి ఫైలు అందుతుంది. మనం చదువుతున్న సోఫీ కథంతా అందులో ఉంటుంది. రెండు పేర్ల పోలిక ఊరికే పెట్టింది కాదు.

చదవడంలో తప్పు జరిగేది ఇక్కడే. మొదటి భాగంలో పాఠం ఉత్తరాల మీద నడుస్తుంది. ముందు చీటీలో ప్రశ్న, దాని మీద సోఫీ కాసేపు తల బద్దలుకొట్టుకున్నాక మందపాటి కవరులో జవాబు. ఆ ఎడం వల్లే పాఠం పట్టుబడుతుంది. మధ్యయుగాల అధ్యాయంలో ఆల్బెర్టో చర్చిలో సన్యాసి వేషంలో ఎదురైన దగ్గర్నుంచి అంతా సంభాషణే. సోఫీ ఊఁ కొట్టే పాత్రగా మిగిలిపోయిందన్న ఫిర్యాదు నిజమే. డెకార్ట్, స్పినోజా, లాక్, హ్యూమ్ అనే తత్వవేత్తలు వరసగా మీదపడేసరికి పాఠకుడు అలసిపోతాడు. ఆ అలసటలో వచ్చే పొట్టి అధ్యాయం బర్క్లీ. అక్కడితో పుస్తకం మూసినవాళ్లకు అది గార్డర్ సొంత సిద్ధాంతంలా కనిపిస్తుంది. ఆ అధ్యాయం ఒక్కటే జిరాక్స్ తీసి పంచితే ఇంకా అన్యాయం. హ్యూమ్ దగ్గర వారం ఆగాలి. పోస్టుకార్డులన్నీ వెనక్కి తిప్పి చూడాలి. బర్క్లీ, బ్యెర్కెలీ అధ్యాయాలు రెండూ కూర్చున్న చోటే ఒకేసారి చదవాలి.

తెలుగులో ఇంకో చిక్కుంది. ప్లేటో ‘ఐడియా’, లాక్, బర్క్లీల ‘ఐడియా’, హెగెల్ ‘ఐడియా’ మూడింటికీ మనం ‘భావం’ అనే అనేస్తాం. ప్లేటోది ఇటుకల అచ్చులాంటిది. ఇటుకలు విరగొచ్చు, వంకర పోవచ్చు, అచ్చు మాత్రం చెక్కుచెదరదు. బర్క్లీది కంటికి, చేతికి తగిలే అనుభవం. హెగెల్‌ది చరిత్ర పొడవునా విప్పుకుంటూ పోయేది. మూడింటినీ ఒకే మాటతో కట్టేస్తే ముగ్గురూ ఒకే శిబిరంలో పడతారు, చర్చ అక్కడే ఆగిపోతుంది.

మార్క్స్ అధ్యాయానికి అగ్గిపుల్లలమ్మే పిల్ల కథ ఇచ్చి, బర్క్లీకి నవల చట్రమంతా ఇచ్చారని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. పేజీల లెక్కకు అది సరిపోతుందేమో. కథ లెక్కకు సరిపోదు. బర్క్లీ తర్వాత సగం పుస్తకం తిరుగుబాటే. సోఫీ, ఆల్బెర్టో మేజర్ కన్నుగప్పి తోట విందులోంచి జారుకుంటారు. చివర్లో సోఫీ స్పానర్‌తో కొడితే హిల్డేకి చురుక్కుమంటుంది, కట్టేసిన పడవ తాడు ఊడుతుంది. మనసులో మాత్రమే ఉన్నవాళ్లు బయటి వస్తువును కదిపారు. బర్క్లీని ఒప్పుకున్న రచయిత ఇలా ముగిస్తాడా?

భారతీయ దర్శనాలు లేవన్న మాట మాత్రం గట్టిది. తత్వశాస్త్ర చరిత్ర నవలనని చెప్పుకునే పుస్తకంలో హ్యూమ్ పక్కన బుద్ధుడు, మార్మికుల దగ్గర వివేకానందుడు, రాధాకృష్ణన్ మాత్రమే తళుక్కుమంటారు. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు లేడు. ఆయన పేరు మోసే లోయ సాగర్ నీళ్లలో మునిగింది, 1954–60 తవ్వకాల్లో బయటపడ్డవి దీవి మీది మ్యూజియంలో ఉన్నాయి. ఆయన మూలమధ్యమక కారికలో 27 ప్రకరణాలుంటే మొదటిదే ప్రత్యయ పరీక్ష, అంటే కారణాల విచారణ. నవలలో హ్యూమ్ బిలియర్డ్ బంతులతో అడిగేది కూడా కారణం గురించే. హ్యూమ్ దగ్గర వారం ఆగమన్నది అందుకు కూడా. ఆ వారంలో ఈ ప్రకరణం పక్కన పెట్టుకుని చదివితే, బర్క్లీ దగ్గరికి వచ్చే పిల్లలకు రెండు శిబిరాల పాఠం ఒక్కటే దిక్కు కాకుండా ఉంటుంది.