వీడియో గేమ్ సీక్వెల్ ప్రకటన ఎప్పుడొస్తుంది? అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దగ్గరపడుతుంటే భీమవరం, అమలాపురం గేమింగ్ సెంటర్లలోనూ కాకినాడ హాస్టళ్ళలోనూ ఒకటే ప్రశ్న: "కొత్త పార్టు ఎప్పుడు అనౌన్స్ చేస్తారన్నా?" ఆ ప్రకటనను నమ్మి కన్సోల్‌కి అడ్వాన్సు కట్టేవాళ్ళూ, ఉన్న గ్రాఫిక్స్ కార్డు అమ్మేసి కొత్తది కొనేవాళ్ళూ ఉన్నారు. డబ్బుతో పని కాబట్టి ఈ లెక్క సరిగ్గా తెలియాలండి.

అపోహ: గేమ్ దాదాపు పూర్తయ్యాకే ప్రకటిస్తారు.

వాస్తవం: గేమ్ ఎంతవరకు తయారైందన్నది ఒక కారణం మాత్రమే. ఆ ప్రకటనతో కంపెనీకి ఇప్పుడు ఏం అవసరం పడిందన్నది అంతకన్నా పెద్ద కారణం. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో చూసుకుని మన రైతు ఆకుమడి పోస్తాడు. ముందే పోస్తే నారు ముదిరిపోతుంది. పబ్లిషర్లు మాత్రం నీళ్ళ సంగతి తేలకుండానే పోసేస్తుంటారు.

గేమ్ కంపెనీ బెథెస్డానే చూడండి. ఫాలౌట్ 4ని 2015 జూన్ 3న ప్రకటించి, అదే ఏడాది నవంబరు 10న అమ్మకానికి పెట్టింది. అయిదు నెలలే. అదే సంస్థ ది ఎల్డర్ స్క్రోల్స్ 6ని 2018 జూన్‌లో 36 సెకన్ల టీజర్‌తో ప్రకటించింది. అందులో ఉన్నవి కొండలు, సంగీతం, పేరు, అంతే. అప్పటికి ఆ స్టూడియో చేతిలో స్టార్‌ఫీల్డ్ అనే ఇంకో గేమ్ ఉంది, అది బయటికొచ్చిందే 2023 సెప్టెంబరులో. సిరీస్‌ని వదిలేయలేదని అభిమానులకి చెప్పడమే ఆ టీజర్ చేసిన పని.

కొత్త విచర్ గేమ్‌ది ఇంకో రకం. దాన్ని తీసే సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. పూర్తి స్థాయి ఉత్పత్తి మొదలైందని చెప్పింది 2024 నవంబరులో. సొంత ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) మానేసి అన్‌రియల్ ఇంజిన్ 5కి మారుతున్నప్పుడు ఆ ఇంజిన్ తెలిసిన వందలమందిని చేర్చుకోవాలి. ప్రాజెక్టు పేరు దాచిపెట్టి అంతమందిని పిలవడం కష్టం.

అపోహ: పెద్ద ఈవెంట్లకీ పండగలకీ ప్రకటనలు వస్తాయి.

వాస్తవం: కొత్త గేమ్‌లు చూపించే, ఒకప్పుడు అందరూ ఎదురుచూసిన ఈ3 ప్రదర్శనను 2023 డిసెంబరులో శాశ్వతంగా ఆపేశారు. అమెరికాలో డిసెంబరులో జరిగే ది గేమ్ అవార్డ్స్‌కి ఇంకా బలముంది, మనకది మర్నాడు పొద్దున్న ఆరింటి ప్రాంతంలో మొదలవుతుంది. కానీ స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీల విషయంలో ముందు చూడాల్సింది త్రైమాసిక ఫలితాల తేదీలు. టేక్-టూ, యూబీసాఫ్ట్, సోనీ, నింటెండో, అన్నిటికీ ఖాతాల సంవత్సరం మనలాగే మార్చి 31తో ముగుస్తుంది.

జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో; చేసేది రాక్‌స్టార్, దాని యజమాని టేక్-టూ) తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ట్రైలర్ వస్తుందని చెప్పింది 2023 నవంబరు 8న, టేక్-టూ ఫలితాల రోజు. 2025లో రావాల్సిన గేమ్‌ని 2026 మే 26కి జరిపినట్టు చెప్పింది 2025 మే 2న. ఆ జరపడంతో గేమ్ ఒక ఆర్థిక సంవత్సరం దాటి రెండోదాంట్లో పడింది. మే 15న ఏడాది అంచనాలు ఇవ్వాలి, కాబట్టి అంతకుముందే చెప్పక తప్పదు. అక్కణ్ణుంచి 2026 నవంబరు 19కి మార్చింది మళ్ళీ ఫలితాల రోజే, 2025 నవంబరు 6న.

అపోహ: లీకులన్నీ కంపెనీ వాళ్ళే చేయించుకుంటారు.

వాస్తవం: 2022 సెప్టెంబరులో జీటీఏ 6 క్లిప్పులు దాదాపు 90 బయటపడితే వ్యవహారం బ్రిటన్ కోర్టుదాకా వెళ్ళింది. మొదటి ట్రైలర్‌నైతే 2023 డిసెంబరు 5న మన టైములో రాత్రి 7:30కి పెట్టాలనుకున్నారు. ముందే లీకవడంతో మనకి తెల్లవారకుండానే వదలాల్సి వచ్చింది. ట్రైలర్ అంటే ఒక్క వీడియో కాదండి. స్టోర్ పేజీలు, ఎన్నో భాషల సబ్‌టైటిళ్ళు, పత్రికలకిచ్చే సమాచారం, అన్నీ ఒకే నిమిషానికి తెరుచుకునేలా కట్టిపెట్టుకుంటారు. లీకుతో ఆ కట్టంతా చెదిరిపోతుంది.

అపోహ: తేదీ చెప్పారంటే ఖాయం.

వాస్తవం: సైబర్‌పంక్ 2077 మాస్టర్ కాపీ (అమ్మకానికి పంపే తుది కాపీ) సిద్ధమైందని 2020 అక్టోబరు 5న చెప్పి, అక్టోబరు 27న మళ్ళీ వాయిదా వేశారు. మెట్రాయిడ్ ప్రైమ్ 4 పేరు 2017 జూన్‌లో చూపించారు, 2019 జనవరిలో పని మొదటినుంచి మొదలుపెడుతున్నామన్నారు, గేమ్ వచ్చింది 2025 డిసెంబరులో.

అందుకే ట్రైలర్ చివరి అయిదు సెకన్ల దగ్గర వీడియో ఆపి చదవండి. పేరొక్కటే ఉంటే ఏళ్ళ మాట. ఏడాది మాత్రమే ఉంటే అది లక్ష్యం, మాట ఇచ్చినట్టు కాదు. తేదీ, ప్లాట్‌ఫాం లోగోలు, వయసు రేటింగ్ గుర్తు, ప్రీ-ఆర్డర్ ధర నాలుగూ ఉంటే నెలల్లోకి వచ్చినట్టు. ఆడుతున్న దృశ్యాలేనా, సినిమాలా విడిగా చేసినవా అన్నది చాలాసార్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. జీటీఏ 6 రెండో ట్రైలర్‌ని పీఎస్5 (సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 5) మీదే తీశామని రాక్‌స్టార్ చెప్పింది.

ప్లాట్‌ఫాం లోగోలు మరీ జాగ్రత్తగా చూడాలి తమ్ముళ్ళూ. జీటీఏ 6కి 2026 నవంబరు 19 తేదీతో ప్రకటించినవి పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ మాత్రమే, పీసీ లేదు. జీటీఏ 5 కన్సోళ్ళకి 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి 2018 అక్టోబరు నుంచి 2019 నవంబరు దాకా పట్టింది. ఈ గేమ్ కోసమే అయితే గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనకండి. పీసీ తేదీ, కావాల్సిన స్పెసిఫికేషన్లు వచ్చాక కొంటే అదే డబ్బుకి ఇంకా మంచి కార్డు దొరకొచ్చు.