పదకొండు హాల్ టికెట్లు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం

బుజ్జీ, చిన్నా,

రాత్రి ఫోన్‌లో మీ గొడవంతా విన్నాను. ప్రింటర్ పలకడం లేదని చిన్నా ప్రింట్ బటన్ పదకొండుసార్లు నొక్కాడట. ఆఖరికి ద్వారకానగర్ పరిగెత్తి జిరాక్స్ షాపులో హాల్ టికెట్ తీయించుకున్నారట. నవ్వనులే. నేనూ ఓసారి కరెంటు బిల్లు కోసం ఏడుసార్లు నొక్కి, విసిగి పడుకున్నాను. మర్నాడు ప్రింటర్ ఆన్ చేయగానే ఏడూ వరసగా వచ్చాయి. మీ మామ్మ ఇప్పటికీ వాటి వెనక పాల లెక్క రాస్తోంది.

నొక్కినదేదీ ఎక్కడికీ పోదర్రా. విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అని ఒకటుంది. రైతుబజార్లో లైను కట్టించినట్టు ఫైళ్లన్నిటినీ వరసలో నిలబెడుతుంది. ముందున్నది ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి. ఆ వరస తెరిచి అన్నీ క్యాన్సిల్ చేయండి. అప్పటికీ కదలకపోతే సర్వీసెస్‌లోకి, అంటే విండోస్ తెరవెనక నడిపే పనుల జాబితాలోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ని ఆపండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దానిలోని ఫైళ్లు తీసేసి స్పూలర్‌ని మళ్లీ మొదలుపెట్టండి. ఫైళ్లే సుమా, ఫోల్డర్ జోలికి పోవద్దు.

దీనికంటే ముందు ఇంకో పని. మీ ప్రింటర్‌కి స్కానర్ కూడా ఉంది కదా, గాజు మీద ఏదో ఒక కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. కాపీ వస్తే ఇంకు, రోలర్లు బాగున్నట్టే. తప్పు కేబుల్‌దో కంప్యూటర్‌దో అయి ఉంటుంది.

డ్రైవర్ అంటే ఏమిటని బుజ్జి అడిగింది. వెనకటి కంపెనీ దొరల పక్కన దుబాసీ ఉండేవాడు చూడూ, అదే. మన ఫైలు భాష ప్రింటర్‌కి రాదు. మధ్యలో చెప్పేవాడు వేరే భాషవాడైతే పిచ్చి గుర్తులతో పేజీలకు పేజీలు వస్తాయి. అలా వస్తే కాగితాలు లాగేసి, ప్రింటర్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో సరిగ్గా మీ మోడల్ నంబరుకే డ్రైవర్ తెచ్చుకోండి. 'డ్రైవర్ అప్‌డేటర్' అంటూ ఊరికే ఇస్తామనే సైట్ల జోలికి పోకండి. ఒక చిక్కు ఉంది: జాబితాలో ప్రింటర్‌ని తీసేసినా పాత డ్రైవర్ లోపలే కూర్చుంటుంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ అనే చోట దాన్నీ తీయాలి. కొత్తది వేసేటప్పుడు, అది అడిగేదాకా కేబుల్ పెట్టకండి.

ఇంతా రాశాక నా అనుమానం వేరే. దసరాకి మీ అమ్మ టేబుల్ జరిపి దులిపిందన్నారు. యూఎస్‌బీ కేబుల్ తీసి వేరే పోర్టులో గుచ్చి ఉంటుంది. అలా చేస్తే కొన్ని ప్రింటర్లను విండోస్ కొత్తవాటిగా లెక్కేసి, అదే పేరు పక్కన 'కాపీ 1' అని ఇంకోటి చేరుస్తుంది. డిఫాల్ట్, అంటే మనం వేరేది ఎంచకపోతే ప్రింట్ పోయేది, మాత్రం పాతదే. మీరు నొక్కినవన్నీ ఆ ఆఫ్‌లైన్ దానికే పోయుంటాయి. కేబుల్ పాత చోట పెట్టండి, లేదా కాపీ 1 ని డిఫాల్ట్ చేయండి.

కేబుల్ పాత చోట పెట్టేముందు ఆ వరస ఖాళీ చేయడం మరవకండి. లేకపోతే చిన్నా హాల్ టికెట్లు పదకొండూ బయటికొస్తాయి.

మీ తాత

తా.క. కాగితాల కట్ట విప్పి కిటికీ దగ్గర వదిలేస్తున్నారు. సముద్రపు చెమ్మకి అతుక్కుని రెండేసి లాక్కుంటుంది. కవర్లో పెట్టండి.